వదినగారి వీణకు చోటు

2025 నవంబరు 9, ఆదివారం, విజయవాడ

కార్తీక పౌర్ణమి వెళ్ళి నాలుగు రోజులైనా మా వీధిలో ఇంకా తెల్లవారుజామున నాలుగింటికే తలుపుల చప్పుళ్ళు మొదలవుతున్నాయి. దుర్గాఘాట్‌కు స్నానానికి వెళ్ళేవారు ఆటోవాళ్ళతో బేరమాడుతున్న మాటలకు మెలకువ వచ్చింది. దీపం పెట్టుకుని, అలవాటు ప్రకారం ఆకాశవాణి విజయవాడ కేంద్రం భక్తిరంజని వింటూ కూరలు తరుగుకున్నాను. 1948 డిసెంబరు 1న మొదలైన ఈ కేంద్రం మా అమ్మకూ నాకూ కూడా ఉదయపు గడియారం లాంటిది. వంట, బట్టలు, అమ్మాయితో ఫోను, ఇవన్నీ ఏ ఆదివారమైనా ఉండేవే కనుక రాయడం లేదు. మధ్యాహ్నం మూడున్నరకు బీఆర్‌టీఎస్ రోడ్డు దాటి సత్యనారాయణపురంలోని వదినగారింటికి వెళ్ళాను. మేమిద్దరం బంధువులం కాము. ముప్ఫై ఏళ్ళ క్రితం ఒకే గురువుగారి దగ్గర, నేను గాత్రానికి, ఆవిడ వీణకు చేరిన రోజు నుంచి ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటున్నాం.

మేము కలిసేది పాడుకోవడానికే అయినా మొదటి గంట ఎప్పుడూ ఇంటి కబుర్లకే పోతుంది. ఆ గంట వృథా అని నేను ఏనాడూ అనుకోలేదు, ఎందుకంటే ఎవరి మనసులో ఏముందో తెలియకుండా పక్కన కూర్చుని శ్రుతి కలపడం నాకు చేతకాదు. ఈ రోజు వచ్చినవాళ్ళం నలుగురం: వదినగారు, వయొలిన్ మాస్టారు, మృదంగం తమ్ముడు, నేను. కార్తీకమాసం కనుక ఉల్లిపాయ వేయని అటుకుల ఉప్మా, కొత్త ఉసిరికాయ పచ్చడి, తర్వాత కాఫీ.

తమ్ముడు వెలగపూడి సచివాలయంలో పని చేస్తాడు. రోజూ ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి మీదుగా కరకట్ట దారిన వెళ్ళి వస్తాడు. మే 2న ప్రధానమంత్రి వచ్చి రాజధాని పనులను మళ్ళీ ప్రారంభించినప్పటి నుంచి ఆ దారిలో టిప్పర్లు పెరిగాయనీ, ఇంటికి చేరేసరికి చేతులు మృదంగం మీద పెట్టే ఓపిక ఉండడం లేదనీ చెప్పాడు. అంతకంటే అతన్ని బాధిస్తున్నది కూతురి సంగతి. మూడేళ్ళ పాటు మా మధ్యనే కూర్చుని వర్ణాలు నేర్చుకున్న పిల్ల, ఈ జూన్‌లో ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరి హాస్టలుకు వెళ్ళిపోయింది. అక్కడ ఉదయం ఐదున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా చదువేననీ, మొన్న ఇంటికి వచ్చినప్పుడు ఆరభి రాగం ఎత్తుకోమంటే ఆరోహణ దగ్గరే తడబడి ఏడ్చిందనీ చెబుతూ అతను తలవంచుకున్నాడు. "రెండేళ్ళే కదక్కా" అని తనకు తానే సమాధానం చెప్పుకున్నాడు. ఆ మాటతో నేను ఏకీభవించలేకపోయాను. పదిహేనేళ్ళ వయసులో గొంతుకు పట్టే స్వరస్థానం పదిహేడో ఏట వెతికితే దొరకదని, నెలకు ఒక్క పూటైనా ఆ పిల్లను పాడించమని గట్టిగానే చెప్పాను. మాస్టారు కూడా అవునన్నారు. తమ్ముడు ఏమీ అనలేదు. ఆ పిల్ల ఇంటికి వచ్చే ఆదివారం ఇక్కడికి తీసుకొస్తానని మాత్రం వెళ్ళేటప్పుడు చెప్పాడు.

వదినగారి కబురు మాకు కొంత తెలిసినదే. కోడలికి జనవరిలో పురుడు. డిసెంబరు రెండో వారంలో డల్లాస్ ప్రయాణం, మళ్ళీ జూన్‌లో తిరుగు టిక్కెట్టు. పుష్య బహుళ పంచమి నాటి త్యాగరాజ ఆరాధనకు ఆవిడ ఉండరన్న మాట. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ వీణ లేకుండా మేము పంచరత్నాలు పాడలేదు. వరాళి రాగ కృతి దగ్గరకు వచ్చేసరికి నేను ఆవిడ కుడిచేతి వైపే చూస్తూ పాడతానని ఇప్పుడు ఇక్కడ రాసుకుంటున్నాను, ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడకు మాత్రం దిగులంతా వీణ గురించే. అది నూజివీడులో చేయించిన పనసకర్ర వీణ, ఏకాండి, అంటే ఒకే మొద్దులో తొలిచినది. ఇరవై నాలుగు మెట్లూ తేనెమైనంలో మసి కలిపి కట్టిన మేళం మీద నిలబడి ఉంటాయి. తాళం వేసిన ఇంట్లో, కిటికీలు మూసి ఉన్న గదిలో, బెజవాడ మే నెల ఎండకు ఆ మైనం మెత్తబడి మెట్లు ఒరిగిపోతే మళ్ళీ మేళం కట్టించాలి. కట్టే చేయి మారితే వీణ పలుకు మారుతుంది. విమానంలో తీసుకువెళ్ళడానికి ఆవిడకు ధైర్యం చాలడం లేదు. చుట్టాలింట్లో పెడదామంటే మంచం పక్కన నిలబెట్టి దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తారేమోనని భయం.

మాట వాతావరణం మీదకు మళ్ళింది. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడ కురిసిన వాన గురించి తమ్ముడు ఏదో చెబుతుంటే, అంతవరకూ వింటూ కూర్చున్న మాస్టారు కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఆ రెండు రాత్రులూ నేను నిద్రపోలేదమ్మా" అన్నారు. పోయినేడాది సెప్టెంబరు 1న బుడమేరు వాగుకు గండ్లు పడి నీళ్ళు సింగ్‌నగర్ మీదకు వచ్చినప్పుడు ఆయన అక్కడే, కింది వాటాలో ఉండేవారు. ఏడాది దాటినా ఆ సంగతి ఆయన మాకు ఏనాడూ వివరంగా చెప్పలేదు. మేమూ అడగలేదు. ఈ రోజు ఆయనంతట ఆయనే చెప్పారు.

మోకాలి లోతు దాకా వస్తాయేమోనని వయొలిన్ పెట్టెను, గురువుగారి స్వరాల పుస్తకాలను మంచం మీద పెట్టి, భార్యను తీసుకుని మేడ మీదివాళ్ళ ఇంటికి వెళ్ళారట. సాయంత్రానికి నీళ్ళు కిటికీల మీదకు వచ్చాయి. అటు బుడమేరు పొంగి ఊళ్ళోకి వచ్చింది, ఇటు కృష్ణలో బ్యారేజీ దగ్గర వరద మర్నాటికి 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఎనిమిది రోజుల తర్వాత తలుపు తోసి చూస్తే వయొలిన్ పెట్టె గడప దగ్గర బురదలో ఉంది. వయొలిన్ పలకలను అతికించేది సరేసు కనుక, అన్ని రోజులు నీళ్ళలో నానేసరికి అతుకులన్నీ వదిలేసి, పై పలక ఒకటి, అడుగు పలక ఒకటి, మెడ ఒకటిగా విడిపోయి ఉన్నాయట. "చెక్క పోలేదమ్మా, అతికించవచ్చు. అతికించాను కూడా. పుస్తకాలే పోయాయి" అన్నారు. గురువుగారు సిరా కలంతో రాసిన పుస్తకాలు అవి. కాగితాలు ఎండాయి గాని, వాటి మీద నీలిరంగు మరక తప్ప ఒక్క అక్షరం మిగలలేదు.

ఆ పుస్తకాల విలువ బయటివారికి చెప్పడం కష్టం. మా గురువుగారు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యుల దగ్గర నేర్చుకున్నారు. పంతులుగారికి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు, ఆయనకు మానాంబుచావడి వెంకటసుబ్బయ్యగారు, ఆయనకు సాక్షాత్తూ త్యాగరాజస్వామి. ఆ వరసలో నోటి నుంచి నోటికి వచ్చిన సంగతులను, అంటే ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరులను, మా గురువుగారు మరచిపోకుండా రాసుకున్నారు, తాను కృతులకు కూర్చిన చిట్టస్వరాలను, అంటే స్వరాల వరసలను కూడా వాటి పక్కనే రాశారు. పంతులుగారి శిష్యుల్లో బాలమురళీకృష్ణగారి వంటి వారి పాట రికార్డుల్లో నిలిచి ఉంది. మా గురువుగారి పాటను ఎవరూ రికార్డు చేయలేదు.

కొంచెం ఆగి మాస్టారు మరొక మాట చెప్పారు. శహన రాగంలో ఒక కృతికి గురువుగారు కట్టిన చిట్టస్వరంలో రెండో ఆవర్తనం, అంటే తాళం రెండో చుట్టు, ఆయనకు ఎంత ప్రయత్నించినా గుర్తుకు రావడం లేదట. రాత్రుళ్ళు మొదటి ఆవర్తనం వాయించుకుని అక్కడే ఆగిపోతున్నారట. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి, ఎప్పుడూ నవ్వుతూ మా శ్రుతులు సరిచేసే మనిషి, పోగొట్టుకున్న వస్తువు గురించి చెబుతున్నట్టు కాక, తానేదో తప్పు చేసినట్టు చెప్పారు. నాకు గొంతు పట్టేసింది.

వదినగారు ఏమీ అనలేదు. లేచి చేతులు కడుక్కుని వచ్చి, వీణ ఒళ్ళోకి తీసుకుని, ఒకసారి బిరడాలు సరిచూసుకుని మొదటి ఆవర్తనం వాయించారు. అక్కడ ఆగకుండా రెండోదానిలోకి వెళ్ళారు. మాస్టారు కళ్ళు మూసుకుని చేత్తో తాళం వేస్తూ, ముక్తాయింపు దగ్గర "అదీ, అదేనమ్మా" అన్నారు. నేను కూడా ఆ స్వరం ఒకప్పుడు పాడినదాన్నే. విన్నాక గుర్తుకు వచ్చింది గాని, వినకముందు అడిగి ఉంటే నేనూ చెప్పలేకపోయేదాన్ని. తమ్ముడు ఫోను తీసి రికార్డు చేస్తానంటే ఆవిడ మళ్ళీ రెండుసార్లు వాయించారు. నేను స్వరాలు రాసుకున్నాను. అయితే శహనలో గాంధారాన్ని "గ" అని రాసుకుంటే వచ్చేదేముంది? ఎక్కడి నుంచి ఊగి అక్కడికి చేరాలో అక్షరం చెప్పదు. అందుకే ఆవిడ వెళ్ళేలోగా వారానికి రెండు పూటలు కూర్చుని, ఆవిడ వాయిస్తుంటే మాస్టారు వయొలిన్ మీద, నేను గొంతుతో పట్టుకోవాలని అనుకున్నాం. మొదట శహన, తర్వాత ఆయనకు అనుమానంగా ఉన్న మరో ఏడు కృతులు.

చీకటి పడుతుండగా దీపాల వేళ అయిందని లేచాం. చెప్పులు వేసుకుంటూ మాస్టారు వెనక్కి తిరిగి, "వీణ నా దగ్గర పెట్టి వెళ్ళండమ్మా" అన్నారు. ఇప్పుడాయన అద్దెకుంటున్నది రెండో అంతస్తు. పైన ఇంకా రెండు అంతస్తులు ఉన్నాయి కనుక శ్లాబు వేడి దిగదు, కింద మూడడుగుల నీళ్ళు వచ్చినా అంత ఎత్తుకు చేరవు, ఇంట్లో ఎప్పుడూ మనిషి ఉంటారు. ఇవన్నీ ఆయన ముందే ఆలోచించి పెట్టుకున్నట్టు ఒక్కొక్కటే చెప్పారు. వదినగారు కళ్ళు తుడుచుకుని, "మూలన పెట్టకండి మాస్టారూ, రోజూ కాసేపు మీట్లు పడాలి" అన్నారు. ఆ పని నాకు అప్పగించారు. పెళ్ళికి ముందు రెండేళ్ళు నేర్చుకున్న వేళ్ళు నావి, సరళీ వరసలతో మొదలుపెట్టాలి.

వెళ్ళేది డిసెంబరులోనే అయినా, కొత్త ఇంటి గాలికి వీణ అలవాటు పడడం తన కళ్ళతో చూసుకోవాలని ఆవిడ ఈ గురువారమే పంపుతున్నారు. ఇకనుంచి మేము కలిసేది కూడా మాస్టారింట్లోనే. రాహుకాలం దాటాక మూడు గంటలకు తమ్ముడు ఆటో తెస్తాడు. కుండ వైపు ఆవిడ, యాళి తల చెక్కిన కొస వైపు నేను పట్టుకుంటాం. చుట్టడానికి మా ఇంట్లో ఉన్న పాత బొంత ఉతికి ఆరేయాలి.