నీలం గుడ్డ మీద కోరంగి ఓడ

రాత్రి రాజమండ్రి ఆనం కళాకేంద్రంలో కొత్త సంగీత నాటకం మొదటి ప్రదర్శన. కోరంగి నుంచి రంగూన్ వెళ్ళే కళాసీల కథ. మాది ఆ కోరంగి దగ్గరే, తాళ్ళరేవు పక్కనే కదా, మావయ్యని కూడా లాక్కెళ్ళాను. నలభై ఏళ్ళు పడవ మీదే బతికిన మనిషి.

సముద్రం అంటే ఏముంది, ఓ పెద్ద నీలం గుడ్డ. రెండు పక్కలా ఇద్దరు కుర్రాళ్ళు పట్టుకుని ఊపుతున్నారు. ఒకడి బనియన్ చెమటకి తడిసి వీపుకి అతుక్కుపోవడం మా వరసలోంచి కనిపిస్తూనే ఉంది. అయినా సరే, 1839 ఉప్పెన ఘట్టంలో హార్మోనియం ఆగిపోయి ఒట్టి డోలక్ మిగిలేసరికి ఒళ్ళు జలదరించింది. కోరంగి రేవుని తుడిచిపెట్టేసిన ఉప్పెన అది. బర్మాలో మనవాళ్ళని 'కోరంగీలు' అనేవారంటే ఆ రేవు ఎంత వెలిగిందో!

రెండో అంకం మాత్రం సాగదీశారు. ఓడ నడిపే సరంగు ప్రేమకి అన్ని పాటలెందుకో.

వెనక నుంచి ఎవరో 'వన్స్ మోర్' అని అరిస్తే హైలెస్సా పాట మళ్ళీ పాడారు. జనం చప్పట్లు. మావయ్య మాత్రం నా చెవిలో, "తెరచాప తాడు తప్పు కట్టార్రా, ఆ గాలికి పడవ తిరగబడిపోద్ది" అన్నాడు. బస్సెక్కేదాకా అదే గొడవ.