ఫ్యాను చప్పుడు

పూర్వ విద్యార్థుల సంచికకు పాత ఫొటోలు పంపండి, పంపండి అని మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రోజూ గుర్తు చేస్తున్నారు. నా దగ్గర ఒక్కటీ లేదు. 2003 నుంచి 2005 దాకా, చెన్నైలో కమ్యూనికేషన్ చదివిన ఆ రెండేళ్ళూ నేను కెమెరా వెనకాల ఉన్నాను, లేదంటే కెమెరా కోసం రిజిస్టరులో సంతకం పెట్టే క్యూలో ఉన్నాను. నాకు మిగిలిందల్లా పదకొండు నిమిషాల ఆడియో ఫైలు ఒకటి. దాని గురించే రాస్తాను.

ముందు ఆ రిజిస్టరు సంగతి చెప్పాలి. గూడూరు నుంచి చెన్నైకి రైల్లో మూడు గంటలు కూడా పట్టదు గానీ, నేను దిగేనాటికి నాకు తమిళంలో అంకెలు తప్ప ఏమీ రావు. కాలేజీలో కెమెరాలు, రికార్డర్లు ఇచ్చే స్టోర్ అన్న దగ్గరికెళ్ళి, ఈ మాట రెండు భాషల్లోనూ ఉంది కదా అన్న ధైర్యంతో "అన్నా, కెమెరా అవసరం" అన్నాను. ఆయన తల కూడా ఎత్తకుండా "ఎన్న అవసరం?" అన్నాడు. ఏం అవసరమొచ్చిందని అడుగుతున్నాడనుకొని ప్రాజెక్టు గురించి మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. మెరీనాలో గుర్రాలవాళ్ళ మీద, మూడు నిమిషాలు, సోమవారం ఇవ్వాలి... ఆయనకు కోపం పెరుగుతోంది, నాకు వివరాలు పెరుగుతున్నాయి. చివరికి వెనకాల నిలబడ్డ మదురై అమ్మాయి నవ్వాపుకుంటూ విడదీసి చెప్పింది. తమిళంలో అవసరమంటే తొందర. "ఏం తొందరొచ్చింది నీకు?" అని ఆయన అడుగుతుంటే, నేను తొందరెందుకో పది నిమిషాలపాటు తీరిగ్గా చెప్తున్నాను.

కొన్నాళ్ళకు మాకు పాఠాలు చెప్పే మేడమ్, బ్రిటన్ మీడియా పండితుడు స్టువార్ట్ హాల్ 1973లో చెప్పిన ఎన్‌కోడింగ్, డీకోడింగ్ పాఠం మొదలుపెట్టారు. పంపినవాడు ఒక అర్థం పెట్టి పంపితే అందుకున్నవాడు అదే అర్థం తీసుకుంటాడన్న హామీ లేదు అని ఆవిడ అనగానే క్లాసంతా నావైపు తిరిగింది.

ఊళ్ళో మావాళ్ళ డీకోడింగ్ ఇంకో రకం. కమ్యూనికేషన్ చదువుతోందంటే మా పెదనాన్న బీఎస్‌ఎన్‌ఎల్‌లో ఉద్యోగం ఖాయమనుకున్నాడు. కాదు పెదనాన్నా, మీడియా అంటే, "అయితే టీవీలో ఎప్పుడు కనిపిస్తావు?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఈ రోజుకీ నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడాయన అడగడం మానేశాడు.

పాఠాల్లో చాలావరకు పరీక్షతోపాటే పోయాయి, దాచుకోవడం ఎందుకు. సమాచారం ఎలా పనిచేస్తుందో తేల్చడానికి లాస్వెల్ అనే అమెరికా పండితుడు 1948లో వేసిన ప్రశ్న (ఎవరు, ఏమిటి, ఏ దారిన, ఎవరికి, ఏ ఫలితంతో) మాత్రం ఇప్పటికీ నోటికి వస్తుంది, ఎక్కాల్లాగా. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు 6 రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ చూపించిన ప్రయోగం గురించి చెప్పినప్పుడు, ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉందని విని నిటారుగా కూర్చున్నాను. మద్రాసు వాళ్ళకు రేడియో మీద ఉన్న గర్వం కూడా ఆ క్లాసుల్లోనే తెలిసింది. ఆలిండియా రేడియో మద్రాసు స్టేషను 1938 జూన్‌లో మొదలైంది గానీ, అంతకు పద్నాలుగేళ్ళ ముందే, 1924లోనే, ఇక్కడ ఔత్సాహికులు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పెట్టి ప్రసారాలు చేశారు. డబ్బుల్లేక మూడేళ్ళకు మూతపడింది, అది వేరే సంగతి.

మేము చేరిన మొదటి ఏడాదిలోనే, 2004 ఫిబ్రవరి 1న, అన్నా విశ్వవిద్యాలయంలో దేశంలోకెల్లా మొదటి క్యాంపస్ రేడియో మొదలైంది. ఎఫ్‌ఎం 90.4 మీద. మాకు అసూయతో నిద్ర పట్టలేదు. వార్తలు చెప్పకూడదట, కొద్ది కిలోమీటర్లు దాటితే వినపడదట అని వంకలు వెతుక్కొని సమాధానపడ్డాం. కానీ ఆ ఏడాది నుంచి అందరికీ వీడియో మోజు కాస్త తగ్గి మైకు మోజు పట్టుకుంది. మూడో సెమిస్టరులో మేడమ్ ఇచ్చిన అసైన్‌మెంటూ ఆడియోనే. 'ఈ ఊళ్ళో వినపడకుండా పోయిన శబ్దం' అన్న అంశం మీద పది నిమిషాలు. ఏ భాషలోనైనా చేయొచ్చు, ఇంగ్లీషు స్క్రిప్టు జత చేయాలి.

ఒకడు 1953లో ఆగిపోయిన ట్రాముల గంట మీద పడ్డాడు. ఇంకొకరు టైపు ఇన్‌స్టిట్యూట్ల మీద. నాకు మా తాతయ్య ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. అందులో ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు రెండో మూడో ఉండేవి, చెదలు తిన్నంత తినగా మిగిలినవి. మద్రాసు, తంబుచెట్టి వీధి అన్న చిరునామా నేను చూడని ఊళ్ళో నాకు తెలిసిన ఒకే ఒక్క వీధి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో ఇక్కడికి తెచ్చి దినపత్రిక చేశారు. అమృతాంజనం అమ్మిన డబ్బు అక్షరాలకు పోశారని తాతయ్య అనేవాడు. తలనొప్పి వచ్చిన ప్రతివాడూ తెలుగు పత్రికకు చందా కట్టినట్టేనని ఆయన లెక్క. అచ్చు కూర్చే చప్పుడు మీద చేద్దామనుకున్నాను. సీసం అక్షరం, కేసు అనే గడుల పెట్టెలోంచి, వరుస కూర్చడానికి చేత్తో పట్టుకొనే స్టిక్కులోకి పడే చప్పుడు.

తంబుచెట్టి వీధిలో ఆ వేళకు ఉన్నవి షిప్పింగ్ ఏజెంట్ల ఆఫీసులు, లాయర్ల బోర్డులు, స్టేషనరీ కొట్లు. హైకోర్టు పక్కనే, హార్బరు దగ్గర్లోనే, ఇంకేముంటాయి. ఆంధ్రపత్రిక అంటే ఒకాయన పేపరు కావాలేమో అనుకొని మూల మీద బంకు చూపించాడు. ఎండకు తట్టుకోలేక కాళికాంబాళ్ గుడి దగ్గర కూర్చుంటే, పూలమ్మే ఆవిడ నా ఫోను మాటలు విని "తెలుగా?" అంది. సంగతి చెప్తే, "మా వీధిలో ఒక తాత ఉండాడు పాపా. అచ్చు కూర్చే తాత" అంది.

అలా పాత వాషర్మన్‌పేటలో ఆ తాత దొరికాడు. పేరు రాయను, ఆయన ఇప్పుడు లేరు. పత్రికల్లో పని చేసినవాడు కాదు. జార్జిటౌన్‌లో ఒక చిన్న జాబ్ ప్రెస్సులో పద్నాలుగో ఏట చేరి పెళ్ళి కార్డులు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు కూర్చినవాడు. ముందుగది ఎంతుందంటే, మంచం, కుర్చీ వేస్తే నా కాళ్ళు గుమ్మంలో ఉన్నాయి. పైన ఫ్యాను. ఆ ఫ్యానుకు ప్రతి చుట్టులోనూ ఒకచోట టక్కుమనే జబ్బు ఉంది.

రికార్డరు మినీడిస్కుది, అంటే చిన్న డిస్కు మీద శబ్దం ఎక్కించేది, డిపార్ట్‌మెంటులో ఉన్నవే మూడు. హెడ్‌ఫోన్లు పెట్టుకోకుండా రికార్డు చేస్తే మార్కులు కోస్తానని మేడమ్ మొదటిరోజే చెప్పారు. సంచీలో హెడ్‌ఫోన్లు ఉన్నాయి. కానీ డెబ్బై దాటిన మనిషి ఎదురుగా కూర్చొని మాట్లాడుతుంటే చెవులకు మూతలు పెట్టుకొని కూర్చోవడానికి నాకు మనసొప్పలేదు. మా ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు అలా చేస్తే వీపు పగిలేది. మైకు చేత్తో పట్టుకొని, కళ్ళలోకి చూస్తూ, గంట సేపు విన్నాను.

ఏం చెప్పాడని! అక్షరాలు స్టిక్కులో తలకిందులుగా, అద్దంలో బొమ్మలా ఉంటాయని, మొదటి ఆరు నెలలూ ఇంటికొచ్చి అన్నం కంచం కూడా తిప్పి పెట్టుకొనేవాణ్ణని. ఇంగ్లీషు కేసు ముందు నిలబడి పని చేయొచ్చట, తెలుగు కేసు ముందు నడవాలట. అన్ని గుణింతాలు, అన్ని ఒత్తులు. కుడిచెయ్యి గాలిలో ఆడిస్తూ ఏ గడిలో ఏముందో కళ్ళు మూసుకొని చూపించాడు. ఆ చెయ్యి నాకిప్పటికీ కనిపిస్తుంది. బొటనవేలు, చూపుడువేలు మాత్రం కలుసుకుంటాయి, తక్కిన మూడూ ముడుచుకొనే ఉంటాయి.

ఇక పెళ్ళి కార్డు కథ. "వధువు అని కూర్చాల అమ్మణ్ణీ. ధు పడాల్సిన కాడ పక్కగడిలో ధ పడిపోయినాది. వధవు! ప్రూఫు చూసేటోడు నిద్రపోయినాడు. మున్నూరు కార్డులు. పిల్ల నాయన వచ్చినాడు చూడూ... చెప్పు చేతిలో, చెమట ముఖాన. నేనేం జేసినా? మిషను కింద దూరుకున్యా. సాయంత్రం దాకా ఆడే." చెప్తూ ఆయన నవ్విన నవ్వుకు దగ్గు తెరలొచ్చి, లోపల్నుంచి వాళ్ళావిడ నీళ్ళ చెంబుతో వచ్చింది.

డిపార్ట్‌మెంటుకొచ్చి వింటే గంటా ఫ్యానే. టక్, టక్, టక్. నేను గదిలో ఉన్నంతసేపూ అది నాకు వినపడలేదు. చెవి వదిలేసిన చప్పుడును మైకు వదలదన్నది పుస్తకంలో చదివిన ముక్కే. 1948లో షానన్ అనే అమెరికా ఇంజినీరు గీసిన బొమ్మలో పంపేవాడికి, అందుకునేవాడికి మధ్య పక్కనుంచి ఒక బాణం వచ్చి గుచ్చుకుంటుంది, దాని పేరు నాయిస్. ఆ బొమ్మను ఎన్నిసార్లు గీశానో. వాషర్మన్‌పేటలో నెత్తి మీద తిరుగుతుంటే గుర్తుపట్టలేదు.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాను. "తాతా, ఫ్యాను చప్పుడు పడింది, ఇంకొక్కసారి చెప్తావా" అని ముందే కబురు పెట్టాను. అదే నేను చేసిన పెద్ద తప్పేమో. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొని ఉన్నాడు. గుమ్మంలో నలుగురు పక్కింటివాళ్ళు. ఫ్యాను ఆయనే ఆపేసి, కిటికీ కూడా మూయించాడు. చేతిలో కాగితం, ముత్యాల్లాంటి దస్తూరీ. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను, ఈసారి. ఆయన గొంతు సవరించుకొని మొదలుపెట్టాడు:

"నా చిన్నతనమున ముద్రణాలయములో చేరితిని. ఒక పర్యాయము వివాహ ఆహ్వాన పత్రికలో స్వల్ప పొరపాటు సంభవించినది."

జీవితమంతా విజయవాడ స్టేషను వార్తలు విన్న మనిషి. రేడియో అంటే అలాగే మాట్లాడాలని ఆయన నమ్మకం. మధ్యలో ఆపి, "తాతా, మామూలుగా, ఆ రోజు చెప్పినట్టే చెప్పు" అంటే నొచ్చుకున్నాడు. "ఆ రోజు ఏదో నీతో మాట్లాడినానమ్మా. ఇది పది మంది వింటారు గదా?" గడ్డం మీదికి చెమట కారుతోంది, తువ్వాలుతో తుడుచుకుంటే చప్పుడు పడుతుందని తుడుచుకోలేదు. మిషను కింద దాక్కున్న సంగతి కాగితంలో లేదు. పక్కింటివాళ్ళ ముందు దాన్నెందుకు చదువుతాడు?

మేడమ్‌కు రెండూ వినిపించాను. ఆవిడది తంజావూరు, తెలుగు ఒక్క ముక్క రాదు. రెండు నిమిషాలు ఇది, రెండు నిమిషాలు అది విని, "మొదటిదాంట్లో ఈయన మాట్లాడుతున్నాడు, రెండోదాంట్లో చదువుతున్నాడు" అన్నారు. ఏది వాడమంటారని అడిగితే, "ఫ్యాను నీకు అడ్డమా, నాకు అడ్డమా?" అని రికార్డరు నా చేతికిచ్చి వెళ్ళిపోయారు. ఆవిడ ఎప్పుడూ అంతే, చేతికిచ్చి వెళ్ళిపోతారు. అప్పట్లో చిరాకేసేది.

నేను శుభ్రంగా ఉన్నదే తీసుకున్నాను. పదకొండు నిమిషాలకు కోశాను. క్లాసులో అందరూ బాగుందన్నారు, సౌండ్ క్వాలిటీకి పూర్తి మార్కులు పడ్డాయి. మొదటిది డిస్కులోనే ఉండిపోయింది. మినీడిస్కు నుంచి కంప్యూటరుకు ఎక్కించాలంటే గంట రికార్డింగుకు గంటా పట్టేది, పక్కన కూర్చొని కాపలా కాయాలి. సెలవుల తర్వాత చూద్దామనుకున్నాను.

సెలవుల్లోనే, 2004 డిసెంబరు 26 ఆదివారం పొద్దున, సునామీ వచ్చింది. జనవరిలో కాలేజీ తెరవగానే మేడమ్ మమ్మల్ని సముద్రం ఒడ్డునున్న పట్టినపాక్కం వైపు పంపారు, కెమెరాలు వద్దు, మైకులు చాలు అని. మనుషులు మాట్లాడాలనుకుంటే వినండి, లేకపోతే నీళ్ళ ప్యాకెట్లు మొయ్యండి అన్నారు. డిస్కులు చాల్లేదు. స్టోర్ అన్న పాతవన్నీ బల్ల మీద పరిచి, ఇందులో చెరపదగ్గవి ఏవని అడిగాడు. నా డిస్కు మీద స్కెచ్ పెన్నుతో 'తాత 1, ఫ్యాను' అని నేనే రాసి ఉన్నాను. క్లీన్ కాపీ ఉంది కదా, ఇది తీసుకోండి అని నేనే చెప్పాను. ఆ రోజు అది సరైన పనే. ఆ డిస్కు మీద ఒక ఆవిడ నలభై నిమిషాలు మాట్లాడింది. అలను గురించి రెండు మాటలు చెప్పి, మిగతా అంతా రేషన్ కార్డు ఎలా పోయిందో, మళ్ళీ ఎవర్ని అడగాలో చెప్పింది. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకొని విన్నాను. ఆవిడ అదేమీ పట్టించుకోలేదు.

ఈ మధ్య సంచికకు రాయడానికని ఆ పదకొండు నిమిషాల ఫైలు మళ్ళీ విన్నాను. ఎక్కడా ఒక్క గీత లేదు, గాజుగ్లాసులా ఉంది. చివర్లో "ఇంతటితో నా ప్రసంగము ముగించుచున్నాను, ధన్యవాదములు" అని ఉంటుంది. అక్కడ కోయాల్సింది, అప్పట్లో ఎందుకో ఏడెనిమిది సెకన్లు వదిలేశాను. కుర్చీ జరిగిన చప్పుడు. కాగితం మడత పెట్టిన చప్పుడు. తర్వాత, కొంచెం దూరం నుంచి, "ఆపేసినావా అమ్మణ్ణీ? ఆ ఫ్యాను ఎయ్యి తల్లీ, ఉడికిపోతా ఉండా."

స్విచ్చు వేసిన టక్కు కూడా పడింది. ఫ్యాను ఒక చుట్టు తిరిగేలోపే నేను స్టాప్ నొక్కేశాను.