నా థీసిస్‌లో తెలుగు లేదన్నారు!

నిన్న సాయంత్రం నా థీసిస్ శోధగంగలోకి (దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే భాండాగారం) ఎక్కింది. ఆ టెన్షన్ ఇంకా మనసులో ఉండగానే ఇది రాస్తున్నాను.

నాట్ల పాటల మీద నా పీహెచ్‌డీ. ప్రీ-సబ్మిషన్ సెమినార్, గైడ్ గారి సంతకాలు, ఫీజులు అన్నీ సాఫీగానే జరిగిపోయాయి. అసలు గొడవ సాఫ్ట్ కాపీ దగ్గర మొదలైంది.

2018 యూజీసీ నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపు ఉంటే ఇబ్బంది లేదు. సాఫ్ట్ కాపీని సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తే నాకు సున్నా వచ్చింది. సంతోషపడేలోపే ఆ పోలిక చూసే సెక్షన్‌లో ఉద్యోగి ఒకాయన పిలిచి, మానిటర్ నా వైపు తిప్పి, "ఏమ్మా, ఇందులో తెలుగెక్కడుంది?" అన్నాడు. చూస్తే అన్నీ ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు. "కాపీ దొరక్కుండా ఇలాంటి పనులు చేసేవాళ్లను చాలామందిని చూశాంలే" అని గట్టిగానే అన్నాడు. వెనకాల జూనియర్లు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఐదేళ్లు గట్ల మీద కూర్చుని, ముసలమ్మలను బతిమాలి పాటలు రాసుకున్నదాన్ని నేను. నోట మాట రాలేదు. హాస్టల్‌కొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

కారణం ఆ రాత్రి గైడ్ గారు చెబితే తెలిసింది. నేను డీటీపీ సెంటర్‌లో టైపు చేయించాను. అక్కడ వాడిన పాత ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల మీద తెలుగు బొమ్మలు అంటించి ఉంటాయట. కాగితం మీద చక్కటి తెలుగే, కంప్యూటర్‌కు మాత్రం అది తెలుగు కాదు. ఏ భాష అక్షరాన్నైనా కంప్యూటర్ గుర్తుపట్టేలా చేసే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ చోటుంది. అయినా ఆ సెంటర్ వాడు ఒక్క మాట చెప్పలేదు.

పాత ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేస్తే వత్తులు ఎగిరిపోయాయి. స్త్రీ అన్న మాటలో రావత్తు ఎక్కడా మిగల్లేదు. ఉపయుక్త గ్రంథ సూచిలో ఇంగ్లిష్ పుస్తకాల పేర్లన్నీ అర్థంలేని తెలుగు అక్షరాలయ్యాయి. 212 పేజీలు మూడు వారాలు కూర్చుని, ఒక్కదాన్నే, అక్షరం అక్షరం దిద్దాను. రెండోసారి 4 శాతం వచ్చింది. ఆయన రిపోర్టు చేతికిచ్చాడు గానీ, అన్న మాటకు సారీ చెప్పలేదు.

చేరిన రోజు నుంచే యూనికోడ్‌లో సొంతంగా టైపు చేసుకోండి. డీటీపీ వాళ్ల చేతిలో పెట్టకండి. తెలుగు థీసిస్‌లు ఎన్నో స్కాన్ చేసిన బొమ్మలుగా పడి ఉన్నాయి. శీర్షిక తప్ప లోపలి మాట ఒక్కటీ వెతికితే దొరకదు. ఒకరు తవ్విన నేలనే ఇంకొకరు తెలియక మళ్లీ తవ్వుతున్నారు. ఇది మనం చదువుకు చేస్తున్న ద్రోహం. ఆ ముగ్గురు జూనియర్లకూ ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల కీబోర్డు) టైపింగ్ నేనే నేర్పాను.

దిద్దే రోజుల్లో ఒక పల్లవిని కాపీ చేసి గూగుల్‌లో వెతికాను. బెంగళూరులో ఒక పరిశోధకురాలి వ్యాసం దొరికింది. అదే పాట, కోలారు వైపు తెలుగువాళ్లు పాడేది. మెయిల్ పెడితే రాత్రికల్లా జవాబిచ్చింది. నా దగ్గర లేని రెండు చరణాలు ఆమె దగ్గరున్నాయి. ఆమె పేరుతో అధోజ్ఞాపిక (ఫుట్‌నోట్) చేర్చి, మర్నాడే ఫైలు ఇచ్చేశాను.