ఒకే ఊరు, మూడు రిజిస్టర్లు

ఆరోగ్య శాఖకూ అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్‌కూ మధ్య సమన్వయం గురించి సర్క్యులర్లకు కొదవ లేదు. సమీక్ష జరిగిన ప్రతిసారీ 'కన్వర్జెన్స్' అన్న మాట మినిట్స్‌లోకి ఎక్కుతుంది, అక్కడే ఆగిపోతుంది. ఊళ్లో పని కుదిరేదీ చెడేదీ మాత్రం డ్యూ లిస్టు దగ్గరే. ఈ నెల ఏ బిడ్డకు టీకా పడాలి, ఏ గర్భిణికి చెకప్ ఉంది, ఎవరి బరువు పెరగడం లేదు అన్న జాబితా ఏఎన్ఎం (సబ్‌సెంటరు నర్సు), ఆశా (ఊరి ఆరోగ్య కార్యకర్త), అంగన్‌వాడీ టీచరు ముగ్గురి దగ్గరా ఒకటే అయితే మిగతావి చాలావరకు సర్దుకుంటాయి.

అయితే అది ఒకటిగా ఉండదు. ఏఎన్ఎం లెక్క తల్లీబిడ్డల వివరాలు ఎక్కించే ఆర్‌సీహెచ్ పోర్టల్‌లో, టీచరు లెక్క అంగన్‌వాడీల పోషణ్ ట్రాకర్ యాప్‌లో, ఆశా లెక్క ఆమె డైరీలో. తేడా వస్తే ఎవరో పని ఎగ్గొట్టారనుకోవడం తొందరపాటు. ఏడో నెలలో పుట్టింటికి వెళ్లిన అమ్మాయి పేరు అత్తవారి ఊళ్లో ఉంటుంది, మనిషి ఇక్కడ ఉంటుంది. ఆధార్‌లో ఒక ఇంటిపేరు, ఎంసీపీ (తల్లీబిడ్డల) కార్డులో ఇంకొకటి. పైగా హద్దులే కలవవు. పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) 30,000 జనాభా, సబ్‌సెంటరుకు 5,000 (గిరిజన ప్రాంతాల్లో 20,000, 3,000) అన్నది ఆరోగ్య శాఖ కొలత. ఐసీడీఎస్ సెక్టారు (ఒక సూపర్‌వైజర్ చూసే పరిధి) గీసేది అంగన్‌వాడీల సంఖ్యను బట్టి. ఆంధ్రలో 2019 నుంచి సుమారు 2,000 జనాభాకు ఒక గ్రామ సచివాలయం అనే మూడో గీత కూడా చేరింది. ఒక సూపర్‌వైజర్ సెక్టారు రెండు పీహెచ్‌సీల కింద పడితే, ఆమె ఏ మీటింగుకూ సరిగ్గా అందదు.

కాబట్టి ముందు ఒక్క కాగితం తయారు చేసుకోవాలి. ప్రతి అంగన్‌వాడీ పక్కన దాని సబ్‌సెంటరు, ఆశా, ఏఎన్ఎం, సూపర్‌వైజర్, ఫోన్ నంబర్లు. తర్వాత, ఊళ్లో టీకాలు, చెకప్‌లు జరిగే నెలవారీ పోషకాహార ఆరోగ్య దినానికి రెండు మూడు రోజుల ముందు ముగ్గురూ కూర్చుని, ఇంటింటి వరుసలో జాబితా చదువుకోవాలి. పేరుతో కాదు, ఆర్‌సీహెచ్ ఐడీ, భర్త పేరు, ఫోన్ నంబరుతో సరిచూడాలి. ఒకరి లిస్టులోనే ఉన్న పేరును కొట్టేయకుండా పక్కన కారణం రాయాలి: పుట్టిల్లు, వలస, ప్రైవేటు ఆస్పత్రి, అబార్షన్. వెంటపడాల్సిన కేసులు ఎక్కువగా ఆ కారణాల్లోనే దొరుకుతాయి.

ఆ రోజు టీకా క్యారియర్, బీపీ మిషన్ ఏఎన్ఎం తెస్తుంది. బరువు, ఎత్తు కొలిచే పరికరాలు అంగన్‌వాడీవి. ఎవరి ఖాతాలోనూ లేనిది పరదా. బల్ల, పరదా లేకపోతే కడుపు పరీక్ష జరగదు. బీపీ చూసి పంపేస్తారు, రిజిస్టర్‌లో మాత్రం చెకప్ అయిపోయినట్టే. ఇక ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా వయల్ కలిపాక 4 గంటలకు మించి వాడకూడదు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు సాయంత్రం దాకా వస్తుంటే మందు పారబోయాల్సి వస్తుంది, లేదా 'ఒక్క బిడ్డకోసం వయల్ విప్పడమా' అని వెనక్కి పంపడం మొదలవుతుంది. ఆ వయసు పిల్లలందరినీ ఒకే గంటలో రప్పించడం టీచరు, ఆశా చేతిలో ఉన్న పని.

రెండు శాఖలు తమ తమ పని సరిగ్గానే చేసినా నష్టం జరిగే చోటు ఇంకొకటి ఉంది. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణికి అంగన్‌వాడీ కేంద్రంలోనే భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు, ఐరన్ మాత్ర కూడా అక్కడే. పాలతో కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. కాల్షియం మాత్రతోనూ అంతే. మెనూ ఒక శాఖది, మాత్ర ఇంకో శాఖది కావడంతో ఈ సంగతి మధ్యలో జారిపోతుంది. పాలకూ మాత్రకూ మధ్య రెండు గంటల ఎడం పెట్టండి, కాల్షియం వేరే పూట వేయించండి. దీనికి జీవో అక్కర్లేదు, సెక్టార్ మీటింగులో అయిదు నిమిషాలు చాలు.

అతి తీవ్ర పోషకాహార లోపం లెక్కల్లోనూ ఇలాంటి చిక్కే. టీచరు ఎత్తుకు తగ్గ బరువు చూస్తుంది. ఆరోగ్య సిబ్బంది జబ్బ చుట్టుకొలత చూస్తారు, 6 నుంచి 59 నెలల పిల్లల్లో 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే ప్రమాదం. ఈ రెండూ ఎప్పుడూ ఒకే పిల్లల్ని పట్టుకోవు. అంకెలు కలవలేదని ఒకరినొకరు తప్పుపట్టుకోవడం కన్నా, ఏ ఒక్క కొలతలో దొరికినా, రెండు పాదాలూ వాచినా మెడికల్ ఆఫీసర్‌కు చూపించాలన్న ఒప్పందం మేలు. ఎన్‌ఆర్‌సీకి (పోషకాహార పునరావాస కేంద్రానికి) పంపే ముందు తల్లితో మాట్లాడాల్సింది బిడ్డ గురించే కాదు, ఇంట్లో ఉన్న పెద్దపిల్లలను ఎవరు చూస్తారన్నదీ తేలాలి. అది తేలకుండా రాసిన రిఫరల్ చీటీ ఇంట్లోనే ఉండిపోతుంది.

డబ్బు సంగతి. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి జాతీయ ఆరోగ్య మిషన్ నిబంధనల ప్రకారం ఏడాదికి 10,000 రూపాయల అన్‌టైడ్ నిధి, అంటే స్థానిక అవసరాన్ని బట్టి వాడుకోగల డబ్బు. పరదా, బల్ల, పాడైన బరువు మిషన్ బాగుచేయించడం వంటివి దీంతోనే తేలిపోవాలి. ఖాతా ఉమ్మడి సంతకాలతో నడుస్తుంది గనక సంతకం ఉన్నవారి పదవీకాలం ముగిసినా, బదిలీ అయినా నిధి ఇరుక్కుపోతుంది. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో పంచాయతీల్లో సర్పంచుల స్థానంలో ప్రత్యేకాధికారుల పాలన వచ్చినట్టు మార్పు ఎప్పుడైనా రావచ్చు. సంతకం మార్చడానికి బ్యాంకు కమిటీ తీర్మానం కాపీ అడుగుతుంది. కొత్తవారు వచ్చాక జరిగే మొదటి సమావేశంలోనే ఆ తీర్మానం రాయించి, రెండు కాపీలు తీసి, ఒకటి సబ్‌సెంటరు ఫైల్లో పెట్టించండి.