కోపం ముక్కు మీదుండే వేటగత్తె, అదే ఇంట్లో వ్యాంపైర్

వ్యాంపైర్లను, అంటే సమాధిలోంచి లేచొచ్చి రక్తం తాగే పిశాచాలను, వేటాడే మనిషీ, వ్యాంపైరూ ఒకే చూరు కింద బతకాల్సి వచ్చే కథలంటే నాకు ప్రాణం. ఇప్పుడు నేనూ ఒకటి రాస్తున్నాను. నా వేటగత్తెకి కోపం ముక్కు మీదే ఉంటుంది. మాటకి ముందు, వ్యాంపైర్ గుండెలో దించే కొయ్యమేకు బయటికొస్తుంది. ఇలాంటి వాళ్ళిద్దర్నీ ఒక ఇంట్లో పెట్టడం ఈ కాలపు రచయితల సరదా అని కొందరంటారు. నేను ఒప్పుకోను. వ్యాంపైర్ మొదటినుంచీ ఇంటి మనిషే.

1725లో, సెర్బియాలో కిసిల్యెవో అనే పల్లె. అప్పుడది ఆస్ట్రియా ఏలుబడిలో ఉంది. పేతర్ బ్లగోయెవిచ్ అనే అతను చనిపోయాడు. ఆ తర్వాత ఎనిమిది రోజుల్లో ఊళ్ళో తొమ్మిది మంది పోయారు. నిద్రలో పేతర్ వచ్చి మీద పడి గొంతు నులిమాడని పోయేముందు వాళ్ళు చెప్పారట. సమాధి తవ్వారు, గుండెలో మేకు దిగ్గొట్టారు, కాల్చేశారు. అక్కడి అధికారి రాసిన నివేదిక వియన్నా పత్రికలో అచ్చయింది. అందులో నన్ను వదలని ముక్క వేరే ఉంది. పేతర్ ఇంటికొచ్చి తన చెప్పులు అడిగాడని భార్య చెప్పింది. ఆ తర్వాత ఆవిడ ఊరే వదిలేసి వెళ్ళిపోయింది. కోట లేదు, నల్ల కోటు లేదు. చచ్చిపోయిన భర్త గుమ్మంలో నిలబడి చెప్పులడుగుతున్నాడు, అంతే.

వేటగాడూ అలాంటి ఇంట్లోంచే పుట్టాడు. బాల్కన్ జానపద కథల్లో, చనిపోయిన భర్త రాత్రిళ్ళు భార్య దగ్గరికి వస్తాడు. వాళ్ళకి పుట్టిన బిడ్డని దాంపీర్ అంటారు. ఎవరికీ కనపడని వ్యాంపైర్ ఆ బిడ్డకి కనపడతాడు. పెద్దయ్యాక ఊళ్ళవాళ్ళు డబ్బిచ్చి పిలిపించుకునేది ఆ బిడ్డనే. అలాంటి మనిషికి కోపం ఉండదా? నా వేటగత్తె కోపానికి మూలం అదే. ఆమె ద్వేషించేది ఎక్కడో ఉన్న భూతాన్ని కాదు, తన ఇంటి వాసన తెలిసినవాణ్ణి.

ఎండ సంగతి తీసేశాను. ఎండ తగిలితే వ్యాంపైర్ చచ్చిపోవడం 1922 నాటి జర్మన్ మూకీ సినిమా 'నోస్ఫెరాటు'తో స్థిరపడిన మాట. అంతకు పాతికేళ్ళ ముందు వచ్చిన ప్రసిద్ధ నవల 'డ్రాక్యులా'లో వ్యాంపైర్ పగలు కూడా తిరుగుతాడు. నాకు అదే కావాలి. పగలంతా అతను శవపెట్టెలో పడుంటే వాళ్ళకి గొడవ పడే తీరికెక్కడ? పొద్దున్నే వంటింట్లో ఎదురుపడాలి.

మూడో అధ్యాయానికల్లా కోపం కరిగి ప్రేమైపోయే కథలు నాకు నచ్చవు. ఆ కోపం అన్యాయమైంది కాదు, కాబట్టి ఊరికే పోకూడదు. దాని దారి మాత్రం మారొచ్చు. అందుకే నిన్న గసగసాల ఘట్టం రాశాను. చిన్న గింజలు చల్లితే వ్యాంపైర్ అవన్నీ లెక్కపెట్టాల్సిందేనని పాత నమ్మకం. మాటామాటా పెరిగి ఆమె డబ్బా విసిరికొడుతుంది. గింజలు గచ్చంతా పరుచుకుంటాయి. జవాబు చెబుతున్నవాడు మధ్యలోనే ఆపేసి మోకాళ్ళ మీద కూర్చుంటాడు. ఒకటి, రెండు, మూడు. తల వంచి ఉంది, వీపు ఆమె వైపే ఉంది. మేకు చేతిలోనే ఉంది. ఇంతకంటే సులువైన అదను ఆమెకి జన్మలో దొరకదు.

"లే," అంటుంది. లేవడు. లేవలేడని ఆమెకి అర్థమవుతుంది. "లే అంటుంటే!" అని ఇంకా గట్టిగా అరుస్తుంది. తర్వాత మేకు పొయ్యిగట్టు మీద పెట్టి, తిడుతూనే చీపురు అందుకుని, అతను లెక్కపెట్టని మూల నుంచి ఊడ్చుకుంటూ వస్తుంది.