అంగారకుడి మీది ఊరికి ఒక జెండా: పిల్లలతో గీయించడం, కుట్టించడం

బయటి దేశాల్లో పెరుగుతున్న మన పిల్లల చేతికి కాగితం ఇచ్చి, "అంగారకుడి మీద మనుషులు ఊరు కట్టుకున్నారనుకో, దానికో జెండా గియ్యి" అని అడిగితే మొదటి బొమ్మ ఎలా ఉంటుందో ఇట్టే ఊహించొచ్చు. ఎడమ సగం మువ్వన్నెలు, కుడి సగం వాళ్ళు పుట్టిన దేశపు జెండా, నడిమధ్య ఒక రాకెట్టు. ఇంట్లో రెండు దేశాల మాటలు వింటూ పెరిగే పిల్లలకి అది న్యాయంగానే తోస్తుంది కాబట్టి వెంటనే కొట్టేయకండి. అది జెండాగా ఎందుకు నిలబడదో మాత్రం చెప్పాలి.

రెండు జెండాలు పక్కపక్కన కుడితే ఆ ఊళ్ళో ఆ రెండు దేశాల వాళ్ళే ఉన్నారని అర్థం. పైగా 1967 నాటి అంతరిక్ష ఒప్పందం రెండో అధికరణం ప్రకారం చంద్రుణ్ణి గానీ, మరో గ్రహాన్ని గానీ ఏ దేశమూ తనదనడానికి వీల్లేదు. ఇక రాకెట్టు సంగతి. అది వచ్చిన దారిని చూపిస్తుంది, ఉంటున్న చోటుని కాదు. మన ఇంటి గుమ్మానికి విమానం బొమ్మ తగిలించుకుంటామా?

వలస వచ్చినవాళ్ళు కలిసి బతికే చోట జెండా ఎలా ఉంటుందో చూపించడానికి మనకి బాగా తెలిసిన నేలే ఒకటుంది. కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్ళ మనవలు ఇప్పటికీ ఉగాది చేసుకునే మారిషస్. 1968లో అక్కడ ఎగరేసిన జెండాలో ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ అడ్డపట్టీలు నాలుగే. ఏ జాతి గుర్తూ లేదు, ఏ మతం గుర్తూ లేదు. నీలం అంటే చుట్టూ ఉన్న హిందూ మహాసముద్రం, ఆకుపచ్చ అంటే పొలాలు. అంటే వచ్చినవాళ్ళు విడిచొచ్చిన ఊరిని కాక, చేరిన నేలను గుర్తుగా పెట్టుకున్నారు. 1994 నాటి దక్షిణాఫ్రికా జెండాలో అడ్డంగా పడుకున్న ఆంగ్ల వై అక్షరం ఆకారంలో రెండు దారులు వచ్చి ఒకటవుతాయి. రెండు జెండాలు కావాలని పట్టుబట్టిన పిల్లలకి ముందు దీన్ని చూపించండి. సగం సగం కోయకుండా రెండింటినీ కలపొచ్చని వాళ్ళకే తడుతుంది.

అధికారికం కాకపోయినా, అంగారకుడికి ఇప్పటికే ఒక జెండా ఉంది. గ్రహాల శాస్త్రవేత్త పాస్కల్ లీ రూపొందించిన ఎరుపు, ఆకుపచ్చ, నీలం నిలువు పట్టీల జెండా 1999 డిసెంబరులో నాసా వారి డిస్కవరీ షటిల్‌లో అంతరిక్షానికి వెళ్ళొచ్చింది. ఇప్పటి ఎర్రనేల ముందు ముందు పచ్చబడి, ఆపై నీళ్ళు నిండుతుందని దాని భావం. కుట్టడానికి చాలా సులువు. కానీ అందులో గ్రహం మారడమే ఉంది, మనుషులు కాపురం పెట్టిన జాడ లేదు. పిల్లలు దాన్ని కాపీ కొట్టకుండా ఆపడానికి ఈ ఒక్క మాట చాలు.

రంగుల దగ్గర తప్పులు ఎక్కువ. అంగారకుడు అనగానే చెయ్యి ఎరుపు మీదికి పోతుంది. అక్కడ నేల తుప్పు రంగు, పగటి ఆకాశం కూడా ధూళితో లేత గోధుమ పసుపు, కాబట్టి మొత్తం ఎర్రజెండా వెనకున్న దాంట్లో కలిసిపోతుంది. తెలుపు కొన్నాళ్ళకే ధూళి పట్టి మాసిపోతుంది. ముదురు నీలం బాగా ఆనుతుంది. దానికి అక్కడిదే ఒక అర్థం కూడా ఉంది: అంగారకుడి మీద సాయంత్రం పూట దిగే సూర్యుడి చుట్టూ ఆకాశం నీలంగా కనిపిస్తుంది. చంద్రుడి మీది ఊరైతే లెక్క మారుతుంది. అక్కడ ఆకాశం నలుపు, నేల బూడిద రంగు, కాబట్టి ఆ రెండూ వద్దు. రంగులు మూడు దాటనివ్వకండి. వేసిన బొమ్మని ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీసి చూడండి. పక్కపక్క పట్టీలు ఒకే బూడిద రంగులో వస్తే ఆ జత పనికిరాదు. ఎరుపు పక్కన ఆకుపచ్చ తరచూ ఇక్కడే దొరికిపోతుంది.

గీయడానికి మామూలు ప్రింటరు కాగితం మీద 27 మి.మీ. వెడల్పు, 18 మి.మీ. ఎత్తుతో 20 గళ్ళు కొట్టండి. ఆ కొలత ఊరికే చెప్పలేదు. 135 × 90 సెం.మీ. జెండా 30 మీటర్ల దూరాన కంటికి ఎంత కనిపిస్తుందో, చేయి చాచి పట్టుకున్న ఈ గడి అంతే కనిపిస్తుంది. పెన్సిలు ఇవ్వకండి, లావు మార్కర్లే ఇవ్వండి. పెన్సిలుంటే ప్రతి కిటికీ, ప్రతి గోపురం గీస్తారు.

ఇరవైలో మూడు ఏరాక అమ్మమ్మకి ఫోను కలపాలి. వీడియో వద్దు. పిల్లలు జెండాని తెలుగులో మాటలతోనే చెప్పాలి, అవతల ఆవిడ గీయాలి.

"అమ్మమ్మా, అడ్డంగా మూడు పట్టీలు. పైది ముదురు నీలం, మధ్యది పసుపు, కిందది ఇటుక రంగు. పసుపు పట్టీ మధ్యలో నీలం చుక్క."

"చుక్క ఎంత నాన్నా? బొట్టంతా, గారంతా?"

"పట్టీలో... త్రీ ఫోర్త్స్."

"ముప్పావు వంతు అను."

నాలుగు వాక్యాల్లో చెప్పగలిగి, ఆవిడ గీసింది సరిపోతే ఆ జెండా నిలుస్తుంది. మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వస్తే బొమ్మలో సరుకు ఎక్కువైనట్టు. అడ్డం, నిలువు, ఏటవాలు, మూల, సగం, పావు, ముప్పావు అనే మాటలు ముందురోజే అలవాటు చేయండి. అడ్డానికీ నిలువుకీ తికమకపడని పిల్లలు తక్కువ.

పైన చెప్పిన ఉదాహరణలో పసుపు పట్టీ గడప, చుక్క ముగ్గులో మొదట పెట్టే చుక్క. ఇల్లు అంటే ఏమిటో చెప్పడానికి గడప కన్నా సూటైన గుర్తు దొరకదు. తెలియనివాళ్ళకి పసుపు సూర్యకాంతి అనిపిస్తుంది, చుక్క గ్రహం అనిపిస్తుంది. రెండూ తప్పు కాదు. పూర్ణకుంభం, ఓంకారం పెట్టమని పెద్దలు ముచ్చటపడతారు గానీ, అప్పుడది అందరి ఊరి జెండా కాదు.

తెలుగు అక్షరం పెడదామన్నా ఒక చిక్కుంది, వెనక నుంచి చూస్తే అది తిరగబడి కనిపిస్తుంది. ఇది మన జెండాకే ఎదురైన చిక్కు. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య 1921లో బెజవాడలో గాంధీకి ఇచ్చిన నమూనాకి తర్వాత తెలుపు చేరింది, రాట్నం జెండా మధ్యకి వచ్చింది. 1947 జులై 22న రాజ్యాంగ సభలో రాట్నం బదులు చక్రం పెట్టినప్పుడు నెహ్రూ చెప్పిన కారణాల్లో ఒకటి, గుర్తు రెండు వైపులా ఒకేలా ఉండాలని. పిల్లల గుర్తుని అద్దం ముందు పెట్టి చూడమనండి.

ఇక కుట్టు. పూర్తయ్యాక 90 × 60 సెం.మీ. రావాలంటే మూడు పట్టీలూ 100 సెం.మీ. పొడవు కోయాలి. అందులో ఎగిరే వైపు అంచుకి 4, కర్ర దూర్చే గొట్టానికి 6 పోతాయి. వెడల్పు పై పట్టీకి 26.5, మధ్యదానికి 23, కిందదానికి 23.5 సెం.మీ. పట్టీలు కలిపే ప్రతి కుట్టుకీ 1.5 చొప్పున వదిలాం, పైన 5 అడ్డబద్ద (జెండాని చాచి ఉంచడానికి పై అంచులో దూర్చే కర్ర) గొట్టానికి, కింద 2 అంచు మడతకి. చుక్క అడ్డుకొలత 15 సెం.మీ., రెండు వైపులా ఒక్కోటి. గాలికి ఎగిరే జెండాలో గుర్తుని కొంచెం కర్ర వైపు జరుపుతారు, ఇక్కడ అడ్డబద్ద ఉంది కనుక నట్టనడుమే పెట్టొచ్చు. ఎర్ర కాటన్ అయితే కోసే ముందు ఒకసారి ఉతకండి, లేకపోతే పసుపులోకి రంగు దిగుతుంది. నైలాన్ మీద ఇస్త్రీపెట్టె వేడి తగ్గించకపోతే గుడ్డ కరుగుతుంది. కర్ర వైపు పై మూలలో 6 × 5 సెం.మీ. ముక్క కోసేసి అంచుకి జిగ్‌జాగ్ కొట్టాలి. మరిచిపోతే రెండు గొట్టాల మడతలూ ఒకదాని మీద ఒకటి పడి, ఇంటి మిషను సూది అక్కడే విరుగుతుంది.

అడ్డబద్ద అలంకారానికి కాదు. అంగారకుడి గాలి సాంద్రత మన గాలిలో సుమారు 60వ వంతు. గంటకు 80 కి.మీ. వేగంతో వీచినా ఇక్కడి 10 కి.మీ. గాలి నెట్టినంతే నెడుతుంది. చంద్రుడి మీద ఆ మాత్రం కూడా లేదు, అందుకే అపోలో 11 జెండాకి పై అంచులో గొట్టం కుట్టి బద్ద దూర్చారు. ఆ బద్దని చివరిదాకా లాగలేకపోవడంతో గుడ్డ ముడతలు పడి, ఫొటోల్లో ఎగురుతున్నట్టు కనిపిస్తుంది. నైలాన్ ఎండకి వెలిసిపోతుంది కాబట్టి 2024లో చాంగె 6 అనే నౌక చంద్రుడి మీదికి మోసుకెళ్ళిన చైనా జెండాని బసాల్ట్ రాతిని కరిగించి తీసిన దారంతో నేశారు. ఆదిలాబాద్ నల్లరేగడి పుట్టింది ఆ జాతి రాయి నుంచే.

ఇంటి జెండాకి 12 మి.మీ. చెక్క బద్ద సరిపోతుంది. 88 సెం.మీ. కోస్తే గుడ్డ బిగుతుగా నిలబడుతుంది. 80కి కోసి, బద్ద కొసకి గుడ్డ చివరని దారంతో కడితే అపోలో జెండాలా ముడతలు పడుతుంది. కోసే ముందు ఏది కావాలో పిల్లల్నే అడగండి.