అల్లుడు తెచ్చిన థర్మోస్టాట్

సంక్రాంతికి అల్లుడు అమెరికాలోని మినియాపొలిస్ నుంచి వస్తూ నాకోసం ఒక చిన్న డబ్బా తెచ్చాడు. లోపల గుండ్రటి గాజు బిళ్ల లాంటిది. స్మార్ట్ థర్మోస్టాట్, అంటే ఇంట్లో వేడినీ చల్లదనాన్నీ మనం చెప్పిన డిగ్రీ దగ్గర నిలిపే పరికరం. తప్పు నాదే. రెండేళ్ల కిందట వాళ్లింటికి పోయినప్పుడు, హాల్లో గోడకున్న అలాంటి బిళ్ల ముందు రోజుకు పదిసార్లు నిలబడేవాణ్ణి. బయట మైనస్ ఇరవై. బిళ్ల మీద 68. అది ఫారన్‌హీట్, మన లెక్కలో 20. రాత్రి పదికి దానంతట అదే 62కు దిగేది, తెల్లవారి ఆరుకు మళ్లీ ఎక్కేది. కింద బేస్‌మెంట్‌లో ఇల్లంతా వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ భుస్సుమని అంటుకున్న చప్పుడు వినపడితే "చూడు, ఇది చెప్పింది, అది విన్నది" అని మా ఆవిడను పిలిచి చూపించేవాణ్ణి. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు వేడికి వంగి స్విచ్‌లా పనిచేసే బైమెటల్ పట్టీ బొమ్మ బోర్డు మీద గీశాను గానీ, ఇల్లంతా దాని మాట వినడం అప్పుడే చూశాను.

"మీకు అంత ఇష్టం గదా మామా" అని పట్టుకొచ్చాడు పాపం.

బిగించడానికి ఏసీ పని చేసే పిల్లోణ్ణి పిలిచాను. నా దగ్గర చదువుకున్నవాడే. కడప ఎర్రముక్కపల్లెలో మా వీధి ఏసీల్లో సగం వాడు పెట్టినవే. బిళ్లను వెనక్కి తిప్పి, ఆర్, సీ, డబ్ల్యూ, వై, జీ అని రాసున్న బొక్కలు చూసి, నా మొహం చూశాడు.

"దీన్ని యాడ తగిలించాల సార్? మనకు ఈ వైర్లే లేవు గదా."

నిజమే, లేవు. అక్కడ ఇంటి మొత్తానికి ఒకటే యంత్రాంగం. ఫర్నేస్‌లో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 24 వోల్టుల కరెంటు ఇస్తుంది, అది ఆర్ తీగలో గోడ దాకా వస్తుంది. దాన్ని డబ్ల్యూకు కలిపితే వేడి, వైకి కలిపితే చల్లదనం, జీకి కలిపితే గాలి మాత్రమే. అంతే పని. ఎంత గాజు ముఖం పెట్టుకున్నా లోపల అది స్విచ్చే. సీ తీగ ఆ బిళ్లకు సొంత తిండి. వైఫైకీ తెరకూ రోజంతా కరెంటు కావాలి కదా. చాలా పాత ఇళ్లలో ఆ తీగ ఉండదు. అల్లుడు కూడా ముందు చూసుకోకుండా కొని, తర్వాత ఒక అడాప్టర్ తెప్పించుకున్నాడట. అమెరికాలో ఉన్న మన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, కొనే ముందు పాతదాని మూత తీసి సీ దగ్గర తీగ ఉందో లేదో చూసుకోండి. రంగులు, కంపెనీలు ఆ తర్వాత.

మన స్ప్లిట్ ఏసీలో లోపలి యూనిట్, బయటి యూనిట్ వాటి భాషలో అవి మాట్లాడుకుంటాయి. మధ్యలో మనం దూరడానికి సందు లేదు. మనకు మిగిలిన దారి రిమోట్ ఒక్కటే.

ఒక మాట చెప్పి ముందుకు పోతాను. గదిలో పెట్టే కరెంటు థర్మోస్టాట్‌కు 1883లో పేటెంటు తీసుకున్న వారెన్ జాన్సన్ ఒక పంతులు. మా పాప ఉండే మినిసోటాకు పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో, వైట్‌వాటర్ అనే ఊరి టీచర్ల ట్రైనింగ్ స్కూల్లో చెప్పేవాడు. ఏ గది చల్లబడిందో చూడటానికి ప్యూను ప్రతి తరగతిలోకీ దూరితే పాఠం చెడుతుందని విసుగుపుట్టి చేశాడు. మా కాలేజీలో పాఠం చెడగొట్టే సర్క్యులర్లు బోలెడన్ని వచ్చేవి, నాకు మాత్రం ఏ ఆలోచనా రాలేదు.

బిళ్ల మళ్లీ అల్లుడి సూట్‌కేసులోకి పోయింది. కానీ పురుగు నా తలలో ఉండిపోయింది. దానికి కారణం మా అమ్మ.

అమ్మకు ఎనభై నాలుగు. మైదుకూరు దగ్గర పల్లెలో, చౌడు మన్ను మిద్దె కింద బతికిన మనిషి. దూలాలు, దంతెలు, వాటిపైన రాతి బండలు, వాటిపైన మూరెడు మన్ను. మే నెలలో కూడా ఆ ఇంట్లో మధ్యాహ్నం నిద్ర పట్టేది. కడపలో మాది స్లాబు ఇల్లు. చుట్టూ కొండలు, మధ్యలో ఊరు, పైన ఐదంగుళాల కాంక్రీటు. పగలంతా తాగిన ఎండను అది సాయంత్రం నుంచి లోపలికి వదులుతుంది. పోయిన మేలో సీలింగుకు థర్మామీటర్ అంటించి చూస్తే రాత్రి తొమ్మిదికి 37. బయట గాలి చల్లబడినా మనం పెనం కింద పడుకున్నట్టే.

అమ్మ ఎనిమిదికి పడుకుంటుంది. అప్పుడు ఆమెకు ఉడుకు. రెండింటికి స్లాబు చల్లారి గది మరీ చల్లగా అవుతుంది, అప్పుడు చలి. రిమోట్ గుర్తులు కనపడవు. లేచి గోడ స్విచ్ టప్పుమని ఆపేస్తుంది. నాలుగుకు చెమట పట్టి కూర్చుని ఉంటుంది, మమ్మల్ని లేపదు. "మీ నిద్ర చెడగొట్టేదెందుకులే నాయనా" అంటుంది.

ఏసీలో స్లీప్ మోడ్ ఉంది కదా అంటారు. వాడాను. నొక్కిన గంటకు ఒక డిగ్రీ, ఇంకో గంటకు ఇంకో డిగ్రీ పెంచి అక్కడ ఆగిపోతుంది. అమ్మ పడుకునే ఎనిమిదికి నొక్కితే, సరిగ్గా స్లాబు కాలుతున్న తొమ్మిదికీ పదికీ అది చల్లదనం తగ్గించేస్తుంది. మన స్లాబుల సంగతి తెలియని వాడెవడో రాసిన లెక్క అది.

కాబట్టి మన ఇళ్లకు పనికొచ్చే స్మార్ట్ థర్మోస్టాట్ అంటే, వైఫైతో పనిచేసే ఐఆర్ కంట్రోలర్. రిమోట్ పంపే కంటికి కనపడని వెలుగునే ఇది కూడా పంపుతుంది. వెయ్యి రూపాయల లోపు నుంచి చాలా వేల దాకా ఉన్నాయి. కొనడానికి ముందు నేను కుస్తీ పట్టింది ధరతో కాదు, మూడు థర్మామీటర్లతో. ఒకటి ఏసీ గాలి పీల్చుకునే చోట, ఒకటి అమ్మ మంచం తలాపున, ఒకటి తలుపు దగ్గర. ఏసీ 24 పెడితే పైన 24 వచ్చేసింది, మంచం దగ్గర 27. మూడు డిగ్రీల తేడా! ఏసీకి ఎదురుగా ఇనుప బీరువా, దానిపైన అమ్మ ట్రంకు పెట్టె. చల్లగాలి పెట్టెకు కొట్టుకుని వెనక్కి తిరిగి ఏసీలోకే పోతోంది. ఏసీ తన పని అయిపోయిందనుకుంటోంది. ట్రంకు పెట్టెను దించడానికి అమ్మను ఒప్పించడం ఒక పూట పని, అందులో మా జేజి కోకలున్నాయి. దించాక తేడా ఒక డిగ్రీకి వచ్చింది. ఖర్చు సున్నా.

అల్లుడింట్లో కూడా ఇదే కథ. బిళ్ల హాల్లో ఉంది కాబట్టి హాలుకు 68 వచ్చేది, మేడ మీద మేం పడుకున్న గది వణికించేది. గదిగదికీ వేరే సెన్సర్లు పెట్టాక గానీ కుదరలేదు. ఎంత తెలివైన థర్మోస్టాట్ అయినా దానికి తెలిసేది అది కూర్చున్న చోటు సంగతే. అందుకే నేను లోపల సెన్సర్ ఉన్న కంట్రోలర్ తీసుకుని, దాన్ని మంచం ఎత్తులోనే గోడకు పెట్టాను. ఏసీకి సూటిగా కనపడాలి, మధ్యలో కర్టెన్ అడ్డం వస్తే ఆ వెలుగు ఏసీ దాకా చేరదు.

ఇంకో చిక్కు నన్ను వారం తిప్పలు పెట్టింది. టీవీ రిమోట్‌లో ఒక బటన్ నొక్కితే ఆ ఒక్క బటన్ మాటే పోతుంది. ఏసీ రిమోట్ అట్లా కాదు. ప్రతిసారీ డిగ్రీ, ఫ్యాన్, మోడ్ అన్నీ కలిపి ఒకే ఉత్తరంగా పంపుతుంది. ఏసీ తిరిగి జవాబు రాయదు. మా ఆవిడ పాత రిమోట్‌తో 22 పెడితే ఫోన్ మాత్రం ఇంకా 25 అనే చూపిస్తుంది. అబద్ధమేం కాదు, పాపం దానికి తెలియదు. పాత రిమోట్ సంకేతాన్ని కూడా విని సర్దుకునే రకాలున్నాయి, దొరికితే అవే తీసుకోండి. లేకపోయినా కొంప మునగదు, షెడ్యూలులో తర్వాతి ఉత్తరం పోగానే అంతా సర్దుకుంటుంది.

గది చల్లబడితే ఏసీ ఆపెయ్, వేడెక్కితే వేసెయ్ అనే ఏర్పాటు కూడా ఈ కంట్రోలర్లలో ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీకి అది పెట్టకండి. దాని కంప్రెసర్ వేగం తగ్గించుకుని నిదానంగా నడవడానికే తయారైంది. మాటిమాటికీ ఆపి వేస్తే ఆదా కాదు, నష్టం. డిగ్రీ మార్చడమే మంచిది. (ఇన్వర్టర్ ఏసీ అంటే కరెంటు పోయినా బ్యాటరీ మీద నడిచేదని మా ఎదురింటాయన ఇంకా వాదిస్తున్నాడు.) అలాగే ఇలాంటివి చాలావరకు రౌటర్ ఇచ్చే 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే తగులుకుంటాయి, 5 గిగాహెర్ట్జ్‌కు కాదు. ఈ సంగతి తెలియక ఒక సాయంత్రమంతా పెట్టె మీది బొమ్మను తిట్టాను. రౌటర్‌ను ఇంటి ఇన్వర్టర్ లైనుకు మార్చాను, కరెంటు పోయి వచ్చినా వైఫై ఉంటుంది.

ఇప్పుడు లెక్క ఇది. ఎనిమిదికి 25, అర్ధరాత్రికి 26, రెండింటికి 28, ఫ్యాను మెల్లగా. ఏసీలు వేయగానే 24 దగ్గర మొదలయ్యేలా 2020 జనవరి నుంచి నిబంధన ఉంది. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కరెంటు ఆదా చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ చెబుతుంది. మా బిల్లు ఎంత తగ్గిందని అడగకండి, ఈ వేసవిలోనే మిద్దె మీద సున్నం కూడా కొట్టించాను, ఏది ఎంత తగ్గించిందో విడదీయలేను. తొమ్మిదికి సీలింగు దగ్గర 37 ఉండేది ఇప్పుడు 34. అది సున్నం పుణ్యమే, కంట్రోలర్‌ది కాదు. నన్నడిగితే ముందు సున్నం, తర్వాతే వైఫై.

పది రోజుల కిందట పొద్దున కాఫీ తాగుతూ అమ్మ అడిగింది: "రాత్రి యాలప్పుడు లేచి వచ్చి తగ్గిస్తాండావా నాయనా?"

ఔనన్నాను. మా ఆవిడ నావైపు ఒక చూపు చూసి గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.